ఎ. డోనీ గారి ఊరు

ఆదోనిని చూడడానికని ఎవరూ పోరు. పత్తి అమ్మడానికి పోతారు, కొనడానికి పోతారు, పెళ్లి బట్టలకూ బంగారానికీ పోతారు. మంత్రాలయం పోయే భక్తులు రైలు కిటికీలోంచి ఆ బండల కొండలు చూసి, పూరీలు తినేసి, మళ్లీ నిద్రపోతారు. నేను మాత్రం ఒక శుభవార్త చెప్పడానికి పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లుంటారు. నేను ఎదుటివాడి చేతులు కాల్చి, పదకొండేళ్ల తర్వాత ఆకులు పట్టుకుని బయల్దేరాను.

సంగతి ఇదీ. డెబ్బై అయిదులో నేను మద్రాసులో ఒక రికార్డుల కంపెనీ గుమస్తాను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు కాబట్టి పేరు అడక్కండి. పాడేవాళ్లు, వాయించేవాళ్లు వచ్చినప్పుడు పేర్లు ఒక కాగితం మీద రాసుకోవడం నా పని. ఆ కాగితం కలకత్తా పోయి అట్ట మీద అచ్చయి వచ్చేది. ఒక వేసవి మధ్యాహ్నం ఆరుగురు మనుషులు ఒకే తానులో కుట్టించుకున్న నీలం కోట్లు వేసుకుని వచ్చారు. గుంతకల్లు రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ల డాన్సులకు వాయించే పార్టీ అని ముందే ఉత్తరం వచ్చింది. క్లారినెట్ పట్టుకున్న పొడుగాటి మనిషి నా బల్ల ముందు నిలబడ్డాడు. నేను ఇంగ్లీషులో “నేమ్?” అన్నాను. ఆయన “ఆదోనీ” అన్నాడు. నేను ఇంగ్లీషులో, ఎ తర్వాత చుక్క పెట్టి, చివర ఇ, వై వేసి ‘ఎ. డోనీ’ అని రాసుకున్నాను. మిగతా అయిదుగుర్నీ అడగలేదు. పక్కన ‘అండ్ పార్టీ’ అని రాసి సంతకం పెట్టమన్నాను. ఆయన ఉర్దూలో పెట్టాడు. ఉర్దూలో సంతకం పెట్టే డోనీ ఎవడురా అని కూడా నాకు తోచలేదు.

నాది నెల్లూరు. ఆదోని అనే ఊరుందని తెలియనివాణ్ణి కాను. కానీ ఆ మధ్యాహ్నం అద్దం వెనకాల నిలబడి నేను విన్న సంగీతం ఆదోని నుంచి వస్తుందని నా బుర్రకు ఎక్కలేదు. పెద్ద గిటారు కింద గొంతుతో గొణుగుతూ పోతుంది. దాని మీద క్లారినెట్, ట్రంపెట్ ఒకదాన్నొకటి ఆటపట్టిస్తాయి. వెనక డ్రమ్ము ఎనిమిది దెబ్బల్లో ఒక దెబ్బ కావాలని ఆలస్యం చేస్తుంది, మెట్టు తప్పిన మనిషి పడకుండా నిలదొక్కుకున్నట్టు. దాన్ని జాజ్ ఫంక్ అంటారని ఈమధ్యనే తెలిసింది. అప్పట్లో మాకు డాన్సు సంగీతం, అంతే. ఇలాంటిది వాయించేవాడు దొరే అయ్యుండాలి అనుకున్నాను. నా తప్పు చెవిది కాదు, బుద్ధిది.

రికార్డు అమ్ముడు పోలేదు. అట్ట మీద ఎవరో బెల్‌బాటమ్ అమ్మాయి బొమ్మ, కింద ఎ. డోనీ. కంపెనీ మూతపడింది. నేను ఒక మందుల ఏజెన్సీలో చేరాను. ఎనభై నాలుగులో పని మీద బొంబాయి పోతుంటే పొద్దున్నే రైలు ఒకచోట ఆగింది. టీ గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని చూస్తే ఎదురుగా పసుపు బోర్డు. ఆదోని. ప్లాట్‌ఫారం మీద ఒకాయన ఆ ఊరి పేరు పలికిన తీరు నా బల్ల ముందు విన్న తీరే. నేను రాసిన డోనీ మనిషి కాదు, ఈ ఊరు. రైలు అయిదు నిమిషాలు ఆగింది. నేను దిగలేదు. ఆ దిగకపోవడం గురించి తర్వాత చెబుతాను.

తర్వాత రెండేళ్లకు మద్రాసులో పాత రికార్డులు అమ్మే ఒకాయన అదే అట్ట నా ముఖాన పెట్టి, ఎవరో తెల్లవాడు దీన్ని వెతుక్కుంటూ వచ్చాడనీ, ఇందులో డ్రమ్ము విని కుర్చీలోంచి లేచాడనీ, ఈ డోనీ ఎవడో నీకేమైనా తెలుసా అనీ అడిగాడు. ఉన్న రెండింట్లో ఒకటి నేను కొన్నాను. మీ పాట విలువ ఇన్నాళ్లకు తెలిసిందయ్యా అని చెప్పి, అట్ట చేతికిచ్చి, ఒక దండ వేయించుకుని వద్దామని. నిజంగానే దండ దాకా ఊహించుకున్నాను.

పసుపు బోర్డు

ఈసారి దిగాను. బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు. ఇంగ్లీషులో ఎ, డి, ఓ, ఎన్, ఐ. అంతే, అయిదక్షరాలు. కాసేపు దాని కింద నిలబడ్డాను. ఆ కింద నాకంటే ముందు ఎవరెవరు నిలబడ్డారో అప్పటికి నాకు తెలియదు.

స్టేషన్ బయట జట్కా అతను ఇమాం. ఆదోని బ్యాండు వాళ్ల ఇంటికి పోవాలన్నాను. అతను గుర్రాన్ని ఆపి వెనక్కి తిరిగి చూశాడు.

“యా ఆదోని అన్నా? ఇప్పుడు ఆదోని యాడుండాది?” అన్నాడు.

ఆదోని నడిబజార్లో జట్కాలో కూర్చుని ఆ మాట వినడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. దారంతా విడమరిచి చెప్పాడు. ఈ తట్టున బ్యాండు మేళానికి మనిషి పేరు ఉండదట. ఊరి పేరే పేరు. పెళ్లి మాట్లాడుకునేటప్పుడు “ఆదోనిని పెట్టినారా, బళ్లారిని పెట్టినారా?” అని అడుగుతారట. ఆదోని వచ్చిందంటే ఆరుగురూ వచ్చినట్టు. ఎవరు మీరు అని ఎవరడిగినా ఆరుగురిలో ఎవరైనా “ఆదోని” అనే చెబుతారు, నేను మంగలి, నేను సాలె, నేను సాయిబు అని విడివిడిగా చెప్పుకునే పని లేకుండా. మా నెల్లూరులో నాదస్వరం ఆయనకు ఇంటిపేరు, బిరుదు, తాతగారి బిరుదు అన్నీ వాల్‌పోస్టరు మీద ఎక్కించాల్సిందే. ఇక్కడ ఆరుగురు కలిసి ఒక్క పేరులో తల దాచుకున్నారు. ఆ ఒక్క పేరునూ నేను రెండు ముక్కలు చేసి ఒక దొరకిచ్చాను.

ఇప్పుడంతా బళ్లారినే తెప్పిస్తున్నారని ఇమాం చెప్పాడు. ఆదోని చీలిపోయి పదేళ్లు దాటిందట. ఎందుకు అని అడిగితే, “అది పెద్ద కత లే అన్నా, నాష్టా సెయ్యి ముందు” అని ఒక హోటలు ముందు దించాడు.

ఉగ్గాని

ఈ ఊళ్లో పొద్దున ఇడ్లీ అడిగితే జాలిగా చూస్తారు. బొరుగులు నానబెట్టి పిండి, తాలింపులో పసుపు, ఉల్లి వేసి, పుట్నాల పొడి చల్లి పెడతారు. ఉగ్గాని అంటారు. పక్కన నిలువునా చీరి శెనగపిండిలో ముంచిన మిరపకాయ బజ్జీ. ప్లేటు రూపాయి, బజ్జీకి పావలా. ఒక్క బజ్జీ కొరికి నేను మూడు గ్లాసుల నీళ్లడిగాను. మూడో గ్లాసు అడిగినప్పుడు హోటలాయన మొహం మారింది. నీళ్లు మూడు రోజులకోసారి వస్తాయట. పెన్నా ఒడ్డున పుట్టినవాడికి ఆ లెక్క తెలియదు, నిజమే, కానీ తెలుసుకోవాలని కూడా తోచదు.

క్లారినెట్ పట్టుకున్న ఆ పొడుగాటి మనిషి పేరు ఖాజా అని ఇమామే దారిలో చెప్పాడు. ఆయన గురించి అక్కడే అడిగాను. హోటలాయన పెనం మీంచి తల ఎత్తకుండానే ఖాజా పోయిన సంవత్సరం రంజానుకు ముందు చనిపోయాడని చెప్పాడు. రెండేళ్ల కిందట నేను టీ గ్లాసు పట్టుకుని రైలు దిగకుండా కూర్చున్నప్పుడు ఆయన ఈ ఊళ్లోనే, స్టేషనుకు అర మైలు దూరంలో బతికే ఉన్నాడు. మిగిలిన ఉగ్గాని తినలేకపోయాను. అయినా తిన్నాను. ఇక్కడ ఎంగిలి వదిలితే బాగుండదని ఇమాం అప్పటికే హెచ్చరించాడు.

మహబూబ్ బీ ఇల్లు

జిన్నింగు మిల్లుల వెనక వీధి. గాలిలో పత్తి నూగు ఎగురుతూ ఉంటుంది. గోడల మీద, గేదెల వీపుల మీద, ఆరేసిన బట్టల మీద అదే. ఖాజా భార్య మహబూబ్ బీ మిల్లులో పత్తి ఏరే పనికి పోతుంది. ఆ రోజు శుక్రవారం సగం పూట సెలవు పెట్టుకుని ఇంట్లోనే ఉంది. జుట్టులో నూగు వల్ల నిండా నెరిసినట్టు కనిపించింది, నిజంగా నెరిసింది ఎంతో తెలియలేదు. నన్ను కూర్చోబెట్టి ఒక చిన్న గ్లాసుతో నీళ్లిచ్చింది. నేను సగం తాగి పెట్టాను. ఆమె మిగతా సగం తీసుకెళ్లి కరివేపాకు మొక్కకు పోసి, గ్లాసు మళ్లీ తెచ్చి నా పక్కన పెట్టింది. మద్రాసు నుంచి, రికార్డు గురించి అని చెప్పగానే అట్ట కోసం చెయ్యి చాచింది. చూసింది, బొమ్మను కాదు, కింద అక్షరాలను. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ అక్షరాలు ఆమెకు తెలుసు.

అప్పుడు చెప్పింది. రికార్డు పోస్టులో వచ్చిన రోజు ఆరుగురూ టీ అంగట్లో చేరారట. మిఠాయి పంచారట. అట్ట మీద ఏముందో చదవమని స్టేషన్‌లో టికెట్లిచ్చే బాబును అడిగితే, ఎ. డోనీ అని చదివి, ఎవరో దొర పేరయ్యా, మీ పేర్లు లేవు అన్నాడట. ఖాజా మాత్రం అది మన ఊరి పేరే, నేను చెప్పిందదే అన్నాడట. అలాగైతే చూద్దాం పద అని, ఆరుగురూ ప్లాట్‌ఫారం మీదికి పోయి, పసుపు బోర్డు పక్కన అట్ట పెట్టి చూశారట.

“బోర్డు కింద నిలబెట్టినారన్నా మా ఇంటాయన్ని, దొంగను నిలబెట్టినట్ల. ఒక్కొక్క అచ్చరం ఏలు పెట్టి సూసినారు. బోర్డులో సుక్క ల్యా, దీంట్లో సుక్క ఉండాది. కడాకు బోర్డులో ఒగ గీత, దీంట్లో రెండు బొమ్మలు. ఇంగేమి సెప్తాడు ఆయప్ప?”

గుంతకల్లులో ఎవరో డోనీ దొర ఉన్నాడనీ, ఖాజా మా వాయింపును వాడికి అమ్ముకున్నాడనీ వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. అందరికంటే గట్టిగా అన్నవాడు డ్రమ్ము ఈరన్న. ఎమ్మిగనూరు నేతగాడు. ఖాజాకు చిన్ననాటి స్నేహితుడు, ఒకే కంచంలో తిన్నవాడు. స్టేషన్ నుంచి అటే ఎమ్మిగనూరు బస్సెక్కి పోయాడట. మళ్లీ ఈ గడప తొక్కలేదు. పెద్ద గిటారు రామాంజి మద్దికెరలో వేరుశెనగ వేసుకుంటున్నాడు. ట్రంపెట్ దానయ్య బొంబాయి పోయాడు. గౌస్ లారీ మీద పని చేస్తున్నాడు. బసప్ప ఎక్కడున్నాడో తెలియదు. ఖాజా క్లారినెట్‌ను పెట్టెలో పెట్టి మిల్లులో పనికి కుదిరాడు. ఊపిరి మీద బతికినవాడు నూగు పీల్చి పీల్చి, ఆఖరికి దీపం ఆర్పేటంత ఊపిరి కూడా లేకుండా పోయాడు. జనాజాకు ఈరన్న రాలేదు. భుజం ఇవ్వలేదు.

“ఈ డోనీ ఎవురన్నా? నీకేమన్నా తెలుసా?” అని అడిగింది.

కంపెనీ వాళ్లు తప్పు రాశారని చెప్పాను. డోనీ అనేవాడు లేడని, మీ ఆయన చెప్పిందే నిజమని చెప్పాను. కంపెనీ వాళ్లు. ఆ మాట అంటూ మొక్కకు పోసేసిన గ్లాసును మళ్లీ నోటి దాకా ఎత్తి, ఖాళీదని చూసి దించాను.

ఆమె ఏడవలేదు. జొన్న రొట్టె, వంకాయ కూర పెట్టింది. తింటుంటే ఒకటే కోరింది. నాకు చెప్పేదేముంది, నాకెప్పుడూ తెలుసు. ఎమ్మిగనూరు పోయి ఈరన్నకు చెప్పు. వాడొచ్చి సమాధి కాడ ఒకసారి నిలబడాలి, అంతే. చచ్చేముందు దగ్గుల మధ్య ఖాజా అడిగింది వాడినేనట. శుభవార్త చెప్పి దండ వేయించుకుందామని వచ్చినవాణ్ణి, ఒక చనిపోయిన మనిషి పరువు సంచిలో పెట్టుకుని లేచాను.

ఎర్రబస్సు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు గంట ప్రయాణం అన్నారు. గంటన్నర పట్టింది. సీటు దొరక్క డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చోమన్నారు. నేను కూర్చుని, సంచి కాళ్ల దగ్గర తొక్కుతారేమోనని జాగ్రత్తపడి పక్కన మూత మీదే పెట్టాను. నా జాగ్రత్తలన్నీ ఇలాగే ఉంటాయి. పక్కనున్న నందవరం రైతు ఒకాయన మిరపకాయల మూట ఒళ్లో పెట్టుకుని, నేను మద్రాసు వాణ్ణని తెలిసి, మీకు వాన పడుతుందా అని అడిగాడు. పడుతుందన్నాను. ఎప్పుడూనా అన్నాడు. ఎప్పుడూ కాదు గానీ పడుతుందన్నాను. ఆయన ఇంక నాతో మాట్లాడలేదు, నేనేదో గొప్పలు చెప్పుకుంటున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

దారి పొడుగునా ఈరన్నతో ఏం చెప్పాలో కట్టుకుంటూ పోయాను. కంపెనీ వాళ్లు అనడం నాకు బాగానే కుదిరింది. ఒకసారి చెప్పిన అబద్ధం రెండోసారికి పాత చెప్పులా సుఖంగా ఉంటుంది.

మగ్గం గుంట

ఎమ్మిగనూరులో వీధి పేరు తెలియకపోయినా ఫరవాలేదు, చెవులుంటే చాలు. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. నాలుగు ఇళ్లు దాటేసరికి నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఒక ఇంట్లోంచి ఆ డ్రమ్ము వినిపిస్తోంది. ఎనిమిది దెబ్బలు, అందులో ఒకటి ఆలస్యం.

ఈరన్న గుంటలో కాళ్లు పెట్టుకుని తువ్వాళ్లు నేస్తున్నాడు. యాభై ఉంటాయి. చేతులు ఇంకా డ్రమ్ము వాయించేవాడి చేతులే. ఆ మగ్గం వాళ్ల నాయనది. తొక్కుడు కర్రల్లో ఒకటి అరిగిపోయి అర క్షణం ఆలస్యంగా పైకి లేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆ తడబాటు మీదే నేసి నేసి, డ్రమ్ము ముందు కూర్చున్నా కాలు అలాగే పడేదట. ఆ రోజు స్టూడియోలో ఇంజనీరు మళ్లీ వాయించమంటే ఖాజా అడ్డం పడి, అది తప్పు కాదు, అది మా మగ్గం అన్నాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను అక్కడే ఉన్నాను. విన్నాను. ఆ మాట తెలుగులోనే అన్నాడు. విని కూడా నా కాగితం దిద్దుకోలేదు.

ఖాజా పేరెత్తగానే మగ్గం ఆగింది. ఆయప్ప సంగతి నాకొద్దు అన్నాడు. రికార్డు తీసి చూపిస్తే చూడలేదు. ఒక్కసారి కూడా వినలేదట, పదకొండేళ్లలో. దొర పాట నేనెందుకు వినాలి అన్నాడు. నేను చెప్పాను. ఖాజా అమ్ముకోలేదు, డోనీ అనేవాడు పుట్టలేదు, మద్రాసులో ఊరి పేరును మనిషి పేరనుకుని తప్పు రాశారు. ఆయన మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెను తీసి పక్కన పెట్టాడు.

“ఎవురప్పా రాసింది?” అన్నాడు.

కంపెనీ వాళ్లు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా మగ్గం, ఆ అరిగిన కర్ర. ఎందుకో రాలేదు.

“నేనే,” అన్నాను.

ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. తిడతాడనుకున్నాను. లేచి కొట్టినా బాగుండేది.

“నువ్వు తెలుగోనివే గదప్పా. మరి తెలుగులో అడగకపోతివే?”

 మద్రాసులో బల్ల వెనక కూర్చుంటే అందరమూ ఇంగ్లీషులోనే అడిగేవాళ్లం అని చెప్పవచ్చు. అది జవాబు కాదు. మీ పేరేమిటండీ అని నేను అడిగి ఉంటే ఆయన ఖాజా అని ఉండేవాడు. లేదా ఆదోని అనే అని, మేమంతా ఆదోని అని వివరంగా చెప్పి ఉండేవాడు. రెండు నిమిషాల మాట.

మైకుసెట్టు అంగడి

ఆయనే లేచి భుజం మీద తువ్వాలు వేసుకుని, పద ఇందాం అన్నాడు. రికార్డు వాయించే పెట్టె ఊళ్లో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగట్లో ఒకటే ఉంది. అంగడివాడు పాటకు అర్ధరూపాయి అన్నాడు, ఈరన్నను చూసి వద్దులే అన్నాడు. సంచిలోంచి తీసేసరికి నా పని బయటపడింది. ఇంజను మూత వేడికి రికార్డు అంచు అప్పడంలా వంగిపోయింది. అయినా పెట్టారు. ముల్లు పడవలా లేస్తూ దిగుతూ పోయింది. క్లారినెట్ గొంతు సాగుతూ, వణుకుతూ వచ్చింది.

“ఖాజా ఇట్ల ఊదడు. ఏమి సేసినావు దీన్ని?” అన్నాడు ఈరన్న.

బస్సులో వేడికి వంగిందన్నాను.

“నీ సేతిలో పడింది ఏదీ సక్కంగ ఉండదాప్పా?” అన్నాడు. అంగడివాడు నవ్వాడు. ఈరన్న నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

మూడో పాట వంకర లేని చోట ఉంది. గిటారు మొదలైంది. ఈరన్న వేళ్లు బల్ల మీద కదిలాయి, ఆలస్యపు దెబ్బతో సహా. పాట మధ్యలో అన్ని వాయిద్యాలూ ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే చోటు ఒకటుంది. అక్కడ, డ్రమ్ముకు ముందు, ఎవరో అరిచిన కేక వినిపిస్తుంది. నేను దాన్ని వందసార్లు విన్నాను. అమెరికా వాళ్ల రికార్డుల్లో అరిచినట్టు ఏదో అరిచారు అనుకునేవాణ్ణి. ఆ అంగట్లో ఈరన్న పక్కన కూర్చుని వింటే అది స్పష్టంగా తెలుగు. ఖాజా గొంతు.

“ఈరన్నా!”

పాట అయిపోయింది. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టారు. మూడోసారి అంగడివాడే అడక్కుండా పెట్టాడు. అట్ట మీద ఆరుగురి పేర్లూ పోయాయి గానీ లోపల ఒక్క పేరు ఉంది. నన్ను అమ్ముకున్నాడని పదకొండేళ్లు ఈరన్న ఎవడి మీద కోపం పెట్టుకున్నాడో వాడే నిండు ఊపిరితో ఆ పేరు పిలిచాడు. వినడానికి అర్ధరూపాయి చాలు. వినలేదు.

బయటకొచ్చి అరుగు మీద కూర్చున్నాం.  నేను మహబూబ్ బీ కోరిక చెప్పాను. ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకుని అన్నాడు.

“వాని మింద కోపంతోనే ఇన్నేండ్లు బతికినా. వాడు సచ్చినా కోపం ఉండె. ఇప్పుడు ఆ కోపం నువ్వు తీస్కోని పోతాండావు. ఇంగ నాకేమి మిగిలింది సెప్పప్పా. నువ్వు రాకపోయింటే బాగుండె.”

నిజం చెప్తే మనసు తేలిక అవుతుందంటారు. అవుతుంది, చెప్పినవాడికి. నాకు అయింది కూడా. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

మళ్లీ ఆదోని

మర్నాడు పొద్దున బస్టాండులో ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. వస్తాడనుకోలేదు. బస్సులో రికార్డును ఆయనే ఒళ్లో పెట్టుకున్నాడు, నన్ను ముట్టనివ్వలేదు. అట్ట వెనక ఆరుగురి పేర్లూ తెలుగులో రాయమన్నాడు. కుదుపుల్లో వంకరటింకరగా రాశాను. ఖాజా, ఈరన్న, రామాంజి, దానయ్య, గౌస్, బసప్ప. ఆయన ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివి, బసప్పకు వత్తు సరిగా పడలేదని దిద్దించాడు.

ఆదోనిలో దిగాక సమాధుల వైపు పోదామన్నాను. ముందు స్టేషనుకు పద అన్నాడు. ప్లాట్‌ఫారం మీద పసుపు బోర్డు పక్కన అట్ట పెట్టి, ఏది ఏదో చూపించమన్నాడు. చూపించాను. ఈ చుక్క నేను పెట్టింది. ఈ అయిదో అక్షరం ఉండాల్సిన చోట ఈ రెండూ నేను రాసినవి.

“ఇంతేనా?” అన్నాడు.

ఇంతే అన్నాను. ఆయన చెయ్యెత్తి బోర్డు మీది ఆఖరి అక్షరాన్ని వేలితో తాకాడు.  అప్పుడు రికార్డు పలకను అట్టలోంచి తీసి తన తువ్వాలులో చుట్టుకుని, ఖాళీ అట్ట నాకిచ్చాడు. అట్ట ఆమెకియ్యి, పలక నా దగ్గర పెట్టుకుంటాను అన్నాడు. ఆయనింట్లో వాయించే పెట్టె లేదు. సమాధి కాడికి రావా అని అడిగాను. ఏ మొహం పెట్టుకుని పోవాలి అన్నాడు. భుజం పట్టుకున్నాను, వదిలించుకున్నాడు, దురుసుగా కాదు. స్టేషన్ బయట ఎమ్మిగనూరు బస్సు కదలబోతుంటే పరిగెత్తి ఎక్కాడు. వయసుకు మించి పరిగెత్తాడు.

సాయంత్రం ఆమె మిల్లు నుంచి వచ్చే వేళకు నేనొక్కణ్ణే మిల్లుల వెనక వీధికి పోయాను. అట్ట మహబూబ్ బీ చేతికిచ్చి, పేర్లున్నాయని చూపించాను. ఆమె వాళ్లాయన పేరేదని అడిగింది. మొదటిది అని వేలు పెట్టాను. తెలుగు చదవడం రాదు, ఉర్దూలో రాయి అంది. నాకు ఉర్దూ రాదన్నాను. ఆమె అట్టను మడిచిన దుప్పటి మీద పెట్టింది. రాసినవాణ్ణి నేనేనని అప్పుడు చెప్పబోయాను. పూర్తి కానివ్వలేదు. నాకు నిన్ననే తెలుసు, కంపెనీ వాళ్లు అంటూ నువ్వు ఖాళీ గ్లాసు తాగబోయినావు అంది. తెలిసి కూడా రొట్టె పెట్టింది.

“ఈరన్న వచ్చినాడా?” అని అడిగింది.

స్టేషన్ దాకా వచ్చాడని చెప్పాను. బోర్డు చూశాడని, అంతా తెలుసుకున్నాడని చెప్పాను.

ఆమె తలలోంచి ఒక పత్తి నూగు తీసి, చూసి, ఊదేసింది.

“బోర్డు కింద నిలబెట్టిన ఆ పొద్దు గూడా స్టేషన్ దాకానే వచ్చినాడన్నా,” అంది.